ఈ లైను ఎవరిది?

కొత్తగా ఏ సర్వర్ నా చేతికొచ్చినా డిస్క్ ఎంత, మెమరీ ఎంత అని ముందు చూడను. యూనిక్స్, లినక్స్ మెషీన్లలో సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో, యూజర్‌కో లైను చొప్పున ఉండే పాస్‌వర్డ్ ఫైలు తెరిచి పైనుంచి కిందిదాకా చదువుతాను. పెద్ద పనేం కాదు, మామూలు మెషీన్‌లో నలభై యాభై లైన్లకు మించి ఉండవు. కానీ ఆ మెషీన్ మీద ఎవరెవరు పనిచేశారో, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టి తీసేశారో, పాత అడ్మిన్ ఎంత ఒబ్బిడిగా ఉండే మనిషో అన్నీ అక్కడే తెలిసిపోతాయి. సర్వర్ అప్పగించేటప్పుడు ఇచ్చే డాక్యుమెంట్‌లో ఉండాల్సినవన్నీ రాస్తారు. ఈ ఫైల్లో ఉన్నవే ఉంటాయి.

పాస్‌వర్డ్‌ల మాటెత్తితే చాలు, ఎన్ని అక్షరాలుండాలి, ఏ హ్యాష్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని విధంగా మార్చి దాచే రూపం) వాడాలి అనే చర్చే మొదలవుతుంది. అది అవసరం లేదని అనను. కానీ రోజూ ఈ ఫైళ్లు చూసుకునే మనిషిగా నన్ను పీడించే ప్రశ్న వేరు. ఈ లైను ఎవరిది? ఆ మనిషి ఇంకా ఇక్కడున్నారా? లేకపోతే ఈ లైను ఇంకా ఎందుకుంది?

ఒక సర్వర్‌లో నాకు తగిలిన లైను చూపిస్తాను. పేరు మార్చాను, మిగతాదంతా దాదాపు అలాగే ఉంచాను.

స్టోర్స్:ఎక్స్:1007:1007:టెంపరరీ - ఆడిట్ అయ్యాక తీసేయాలి:/హోమ్/స్టోర్స్:/బిన్/బ్యాష్

కోలన్లతో విడగొట్టిన ఏడు గడులు. లాగిన్ పేరు, ఒకప్పుడు పాస్‌వర్డ్ హ్యాష్ ఉన్న చోట ఇప్పుడు ఒట్టి ఎక్స్, యూఐడీ అంటే యూజర్ నంబర్, గ్రూప్ నంబర్, వివరం, హోమ్ డైరెక్టరీ, చివర షెల్, అంటే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్. ఐదో గడి చూడండి. ఎవరో మంచి మనసుతోనే రాసుకున్నారు, తీసేయాలని. టెంపరరీ అని రాసిన ప్రతి అకౌంటూ పర్మనెంటే అని నా అనుభవం.

అసలు సంగతి, హ్యాష్‌లని విడిగా దాచే షాడో ఫైల్లో ఉంటుంది. అందులో ఇదే యూజర్ లైను ఇలా ఉంది.

స్టోర్స్:$1$…:16500:0:99999:7:::

చుక్కలు పెట్టిన చోట సాల్ట్ (ఒకే పాస్‌వర్డ్‌కి వేర్వేరు హ్యాష్‌లు రావడానికి కలిపే అక్షరాలు), హ్యాష్ ఉంటాయి. వాటి పక్కనున్న 16500 అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజులు. లెక్క వేస్తే 2015 మార్చి 6. అంటే ఈ పాస్‌వర్డ్‌ని చివరిసారి మార్చింది ఆ రోజున. తర్వాతి సున్నా, మార్చాక మళ్లీ మార్చడానికి ఎన్ని రోజులు ఆగాలో చెబుతుంది. 99999 అంటే ఎన్ని రోజుల్లోగా మార్చి తీరాలో. సంవత్సరాల్లోకి మారిస్తే రెండు వందల డెబ్భై పైమాటే కాబట్టి, ఎప్పటికీ మార్చక్కర్లేదని అర్థం. ఏడు, గడువుకి ఎన్ని రోజుల ముందు హెచ్చరించాలో. ఆ హెచ్చరిక వచ్చే రోజు మనలో ఎవరం చూడం.

నాకు ఎక్కువ అనుమానం కలిగించింది మాత్రం హ్యాష్ ముందున్న $1$. అది ఎండీ5 అనే పాత హ్యాష్ ఆధారంగా చేసిన పద్ధతి. 1994లో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్ కోసం పౌల్-హెనింగ్ క్యాంప్ రాశాడు. ఆయనే 2012లో, ఇది ఇక పనికిరాదు, వాడకండి అని బహిరంగంగా చెప్పేశాడు. తను రాసిందాని గురించి తనే అలా చెప్పే ప్రోగ్రామర్లు అరుదు. 2015 నాటికి ప్రధాన లినక్స్‌లన్నీ $6$కి, అంటే ఎస్‌హెచ్ఏ-512కి మారిపోయి ఉన్నాయి. అయినా ఇక్కడ $1$ ఉందంటే, ఈ లైను పుట్టింది ఈ మెషీన్ మీద కాదు. ఇంకా ముసలి సర్వర్ ఏదో రిటైరవుతుంటే దాని నుంచి లైన్లు కాపీ చేసి ఇక్కడ అతికించారు.

షాడో ఫైలంతా ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. సర్వర్‌ని ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ చేసినా పాత హ్యాష్‌లు వాటంతటవి మారవు. మారలేవు. హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ని వెనక్కి తీసే దారి లేదు కాబట్టి, కొత్త పద్ధతిలో మళ్లీ హ్యాష్ చేయడానికి సిస్టమ్ దగ్గర అసలు సరుకే లేదు. యూజర్ మళ్లీ పాస్‌వర్డ్ మార్చుకున్నప్పుడే కొత్త పద్ధతి వస్తుంది. డెబియన్ అనే లినక్స్ 11వ వెర్షన్‌తో యెస్‌క్రిప్ట్ అనే కొత్త పద్ధతి డిఫాల్ట్ అయింది, దాని గుర్తు $y$. అయినా ఇవాళ ఏ పాత సర్వర్ తెరిచినా $1$, $6$, $y$ మూడూ పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. మనుషుల అకౌంట్లయితే 'చేజ్' కమాండ్‌తో చివరి తేదీని సున్నా చేస్తే, వచ్చే లాగిన్‌కి మార్చుకోక తప్పదు. ఎవరూ లాగిన్ అవ్వని అకౌంట్లని అలా కదిలించలేం. అవి అలాగే పడి ఉంటాయి.

అసలు హ్యాష్ ఒక ఫైల్లో, పేర్లు ఇంకో ఫైల్లో ఎందుకు అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. మొదట్లో రెండూ ఒకే ఫైల్లో ఉండేవి. ఆ ఫైలుని అందరూ చదవగలగాలి. ఎందుకంటే డిస్క్ మీద ఫైలు యజమాని అంటే 1007 లాంటి నంబరే. ఫైళ్ల జాబితా చూపించే కమాండ్ ఆ నంబర్‌ని పేరుగా మార్చాలంటే ఈ ఫైలు చదవాలి. పేర్లతో పాటు హ్యాష్‌లూ అందరికీ కనిపించేవి. అప్పట్లో దాన్ని తప్పుగా అనుకోలేదు, హ్యాష్ చేశాం కదా, చూస్తే ఏమవుతుంది అన్న ధీమా.

ఆ ధీమాకి ముందు ఇంకో కథ ఉంది. ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే టైమ్ షేరింగ్ సిస్టమ్ (ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకునేది) ఉండేది, 1960ల మాట. పాస్‌వర్డ్‌లు నేరుగా, ఎవరైనా చదివేలా ఫైల్లో ఉండేవి. ఒక అడ్మిన్ పాస్‌వర్డ్ ఫైలు ఎడిట్ చేస్తున్నాడు, ఇంకో అడ్మిన్ లాగిన్ అయినప్పుడు అందరికీ కనిపించే ఆ రోజు సందేశం ఎడిట్ చేస్తున్నాడు. ఎడిటర్ లోపం వల్ల ఇద్దరి తాత్కాలిక ఫైళ్లు తారుమారయ్యాయి. ఇంకేముంది, లాగిన్ అయిన ప్రతివాడి టెర్మినల్ మీదా అందరి పాస్‌వర్డ్‌లూ ప్రింటయ్యాయి. అంతకుముందు 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కంప్యూటర్ గంటలు చాలక, ఒక పంచ్ కార్డ్ పెట్టి పాస్‌వర్డ్ ఫైలునే ప్రింట్ తీయించుకున్నాడు. దాడి, హ్యాకింగ్ లాంటి పెద్ద మాటలేవీ అక్కర్లేదు. ఎడిటర్, ప్రింటర్ చాలు.

యూనిక్స్ వాళ్లు అందుకే హ్యాష్‌కి వెళ్లారు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఈ చరిత్రంతా ఒక పేపర్‌గా రాశారు. ఇప్పటికీ అది చదవదగ్గదే. వాళ్ల మొదటి పద్ధతి మరీ వేగంగా ఉండటమే దాని జబ్బు. మనకి వేగమైతే దాడి చేసేవాడికీ వేగమేగా. అందుకని డీఈఎస్ అనే రహస్య సంకేత పద్ధతిని తీసుకుని ఇరవై ఐదు సార్లు తిప్పారు, పన్నెండు బిట్ల సాల్ట్ కలిపారు. అంటే ఒకే పాస్‌వర్డ్‌కి 4,096 రకాల హ్యాష్‌లు రావచ్చు. పాస్‌వర్డ్‌లో ఎనిమిది అక్షరాల తర్వాత ఏం రాసినా లెక్కలోకి రాదు. వాళ్లు పోగేసిన 3,289 పాస్‌వర్డ్‌లలో 2,831 ఊహించేయగలిగేవే, నూటికి 86. ఒకే ఒక్క అక్షరం పెట్టుకున్న మహానుభావులు పదిహేను మంది. ఈ రోజు ఏ ఆఫీసులో లెక్క తీసినా మరీ ఆశ్చర్యపోయే తేడా ఉంటుందని నేననుకోను, రూల్స్ పెట్టి బలవంతం చేస్తే తప్ప.

ఇందులో ఓ తమాషా. ఆ కెన్ థాంప్సన్ సొంత హ్యాష్, బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం పాత సోర్స్ కోడ్‌తో పాటు మిగిలిపోయిన ఒక పాస్‌వర్డ్ ఫైల్లో దశాబ్దాల పాటు అందరి కళ్లముందూ ఉంది. యూనిక్స్ సృష్టికర్తల్లో మరొకరైన డెనిస్ రిచీ లాంటివాళ్ల పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటీ ఊహించి హ్యాష్‌తో సరిచూస్తే తేలిగ్గా ఊడొచ్చాయి, ఆయనది మాత్రం రాలేదు. 2019లో ఒకరు గ్రాఫిక్స్ కార్డ్ పెట్టి నాలుగు రోజులకు పైగా నడిపిస్తే దొరికింది. పీ స్లాష్ క్యూ 2 డ్యాష్ క్యూ 4, చివర ఆశ్చర్యార్థకం. చదరంగంలో రాణి ముందున్న బంటుని రెండు గడులు జరపడం, పాతకాలపు పద్ధతిలో రాసింది. ఎనిమిది అక్షరాలు, ఒక్కటి కూడా వృథా చేయలేదు. నాకైతే ముచ్చటేసింది.

ఇంకో సంగతి ముచ్చటైంది కాదు. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ని స్తంభింపజేసిన వార్మ్ (తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే ప్రోగ్రామ్), దారిలో దొరికిన ప్రతి మెషీన్‌లోనూ పాస్‌వర్డ్ ఫైలు చదివి, యూజర్ పేరునే పాస్‌వర్డ్‌గా, పేరు తిరగేసి, తర్వాత తనతో తెచ్చుకున్న 432 మాటల జాబితాతో, ఆపైన సిస్టమ్‌లోనే ఉన్న నిఘంటువుతో హ్యాష్‌లు విప్పుకుంటూ పోయింది. దాన్ని రాసింది రాబర్ట్ టాపన్ మోరిస్. 1979 పేపర్ రాసిన మోరిస్ గారి అబ్బాయే. హ్యాష్‌లని అందరికీ కనిపించకుండా షాడో ఫైల్లోకి తోసే పద్ధతి అప్పటికే కొన్ని యూనిక్స్‌లలో ఉంది, ఆ తర్వాత అంతటా వచ్చింది. ఇప్పుడు డెబియన్‌లో షాడో ఫైలుని రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్), షాడో గ్రూప్ మాత్రమే చదవగలరు. రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్స్‌లో అయితే పర్మిషన్లు పూర్తిగా సున్నా. రూట్‌కి పర్మిషన్లు అడ్డురావు కాబట్టి పని జరిగిపోతుంది.

ఇక ఈ ఫైళ్లని ఎడిట్ చేయడం. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను చూసిన ఘోరాల్లో సగం ఇక్కడే జరిగాయి.

ఒకచోట సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఇచ్చిన అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ ఉండేది. తమ యూజర్ లైను తీసేయడానికి అందులో ఒక్క ముక్కే రాశారు: పాస్‌వర్డ్ ఫైలు చదువు, మా పేరున్న లైను వదిలేయ్, మిగతాది అదే ఫైల్లోకి రాయి. వినడానికి బాగానే ఉంది. కానీ షెల్ ముందు చేసే పని, రాయాల్సిన ఫైలుని ఖాళీ చేసి తెరవడం. ఆ తర్వాతే చదవడం మొదలవుతుంది. చదవడానికి అప్పటికి ఏం మిగిలింది? సున్నా బైట్లు.

ఆ మెషీన్ ఆగిపోలేదు. అదే విచిత్రం. డేటాబేస్ నడుస్తోంది, వెబ్ సర్వర్ నడుస్తోంది, బయటివాళ్లకి ఏమీ తెలియలేదు. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి పేర్లతో పని లేదు మరి. నడుస్తున్న ప్రతి ప్రాసెస్ దగ్గరా నంబర్ ఉంది, దానికి అది చాలు. మాకు మాత్రం లోకం తలకిందులైంది. తెరిచి ఉన్న సెషన్‌లో కొత్త షెల్ తెరిస్తే ప్రాంప్ట్‌లో యూజర్ పేరు ఉండాల్సిన చోట 'నాకు పేరు లేదు!' అని వచ్చింది. జోక్ కాదు, బ్యాష్ అనే షెల్‌లో నిజంగానే ఆ సందేశం ఉంది. రూట్ అధికారంతో పని చేయించే సుడో కమాండ్ కొడితే, పాస్‌వర్డ్ డేటాబేస్‌లో మీరు లేరు పొమ్మంది. పక్క సర్వర్ నుంచి మంచి కాపీ తెచ్చుకుందామని ఇంకో మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కమాండ్ కొడితే, ఈ యూఐడీతో యూజరే లేడని అదీ మొరాయించింది. బయటి నుంచి కొత్తగా లోపలికి రావడం ఎలాగూ కుదరదు.

గట్టెక్కించింది ఒకటే. కన్సోల్ మీద ఎవరో రూట్ షెల్ తెరిచి మర్చిపోయారు. మామూలుగా అయితే దానికి చీవాట్లు పడేవి. ఆ రోజు మాత్రం ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. ఆ షెల్ పేరు కోల్పోయినా యూఐడీ సున్నాగానే ఉంది, అంటే అధికారం చెక్కు చెదరలేదు. ఈటీసీలో పాస్‌వర్డ్ ఫైలు పేరుకి చివర చిన్న డ్యాష్ పెట్టిన ఇంకో ఫైలుంటుంది, యూజర్లని చేర్చే కమాండ్లు ప్రతి మార్పుకీ ముందు దాచే పాత కాపీ. దాన్ని అసలు పేరుతో కాపీ చేశాం. అది చివరి మార్పుకి ముందుది కాబట్టి, ఆఖరున చేర్చిన యూజర్ అందులో లేడు, ఆ ఒక్క లైను చేత్తో రాసుకున్నాం. ఆ రూట్ షెల్ లేకపోయి ఉంటే సర్వర్ ఆపి రెస్క్యూ మోడ్‌లోకి వెళ్లడం తప్ప దారి లేదు.

అప్పట్నుంచీ ఈ ఫైళ్లని ముట్టుకునే ముందు రెండో రూట్ సెషన్ తెరిచి పక్కన పెట్టుకోవడం మా దగ్గర అలవాటైపోయింది. పని అయ్యాక కూడా వెంటనే మూసేయం. మూడో విండోలో కొత్తగా లాగిన్ అయి చూసుకున్నాకే.

మామూలు ఎడిటర్‌తో ఈ ఫైలు తెరవొద్దని చెప్పేది అందుకే. వీఐపీడబ్ల్యూ అనే కమాండ్ ఉంది. అది ముందు లాక్ వేస్తుంది, కాబట్టి మీరు ఎడిట్ చేస్తుండగా ఇంకొకరు పాస్‌వర్డ్ మార్చబోతే వాళ్లని ఆగమంటుంది. మీరు సేవ్ చేసేది పక్కన ఉన్న కాపీలో. అంతా అయ్యాక ఆ కాపీ పేరు మార్చి అసలు ఫైలు స్థానంలో కూర్చోబెడుతుంది. పేరు మార్పు అనేది ఒకే దెబ్బకి జరిగే పని, సగం రాసిన ఫైలు అనేదే ఎవరి కంటా పడదు. తర్వాత పీడబ్ల్యూసీకే కొడితే గడులు సరిగ్గా ఏడున్నాయా, పేర్లు రెండుసార్లు వచ్చాయా, హోమ్ డైరెక్టరీ అసలు ఉందా, షాడోలో జోడీ లైను ఉందా అని చూసి చెబుతుంది. అది సరిచేయనా అని అడిగే రకం. చదివి ఊరుకోమని చెప్పే ఆప్షన్‌తోనే ముందు నడపండి.

బీఎస్‌డీలలో ఇంకో మెలిక. అక్కడ అసలు ఫైలు మాస్టర్ పాస్‌వర్డ్ ఫైలు. సిస్టమ్ మాత్రం దాన్ని నేరుగా చూడదు, దాని నుంచి తయారుచేసిన రెండు డేటాబేస్ ఫైళ్లని చూస్తుంది. హ్యాష్‌లు లేనిదొకటి, ఉన్నదొకటి. వేల యూజర్లున్నా గబుక్కున వెతకడానికి. మామూలు ఎడిటర్‌తో మాస్టర్ ఫైల్లో ఒక యూజర్‌ని తీసేసి సేవ్ చేస్తే, ఫైల్లో ఆ మనిషి ఉండడు, సిస్టమ్‌లోకి మాత్రం దర్జాగా లాగిన్ అవుతూనే ఉంటాడు. డేటాబేస్‌ని మళ్లీ తయారుచేసే కమాండ్ నడిపేదాకా అంతే. వీఐపీడబ్ల్యూ అయితే అదీ తనే చూసుకుంటుంది. లినక్స్ నుంచి అటు వెళ్లినవాళ్లు ఇక్కడ తప్పకుండా ఒకసారి తెల్లమొహం వేస్తారు.

ఇప్పుడు వెళ్లిపోయినవాళ్ల సంగతి. ఒక ఉద్యోగి మానేశారని మెయిల్ వస్తుంది, అడ్మిన్ అకౌంట్ లాక్ చేసి, చేశాను అని జవాబిస్తాడు. లాక్ చేయడం అంటే షాడోలో హ్యాష్ ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టడం, అంతే. ఇక ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఆ హ్యాష్‌తో సరిపోలదు. కానీ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేవాళ్లు ఇప్పుడెంతమంది? పాస్‌వర్డ్‌కి బదులు ఎస్ఎస్‌హెచ్ కీ ఫైలుతో వచ్చే మనిషికి పాస్‌వర్డ్ గడితో పనే లేదు, చాలా సెటప్‌లలో ఆ తలుపు తెరిచే ఉంటుంది. క్రాన్ పనులు, అంటే పెట్టిన సమయానికి వాటంతటవే నడిచేవి, నడుస్తూనే ఉంటాయి. అప్పటికే తెరిచి ఉన్న సెషన్లని ఎవరూ వెళ్లగొట్టరు. కాబట్టి నేను లాక్‌తో పాటు అకౌంట్ గడువు తేదీని 1970లోకి తోసేస్తాను, షెల్‌ని ఎవరినీ లోపలికి రానివ్వని నోలాగిన్‌గా మారుస్తాను, కీ ఫైలుని పక్కకి జరుపుతాను, నడుస్తున్న ప్రాసెస్‌లు చూస్తాను. గడువు అయిపోయిన అకౌంట్‌ని కీతో వచ్చినా సిస్టమ్ రానివ్వదు. ఈ ఒక్క గడి గురించి తెలియని అడ్మిన్లు చాలామంది ఉన్నారు.

స్టోర్స్ అకౌంట్‌కి ఇదే చేశాను. ముందు అందరికీ మెయిల్ పెట్టాను, ఇది ఎవరిది అని. ఒక్క జవాబు రాలేదు. రాదని తెలుసు, అయినా పెట్టాలి, రేపు మాట పడకుండా. తర్వాత గడువు తేదీ వెనక్కి తోశాను. కొన్ని వారాలు నిశ్శబ్దం. నెలాఖరున ఫోన్ వచ్చింది, స్టాక్ రిపోర్ట్ ఇంకా రాలేదేంటని. అదెక్కడి నుంచి వస్తుందో ఆ మాట్లాడుతున్నావిడకీ తెలియదు, నెలకోసారి తన ఫోల్డర్‌లో పడుతుంది, అంతవరకే ఎరుక. ఆడిట్ కోసం ఎవరో రాసిన క్రాన్ పని, ఆడిట్ అయ్యాక కూడా ఇన్నేళ్లుగా నెలనెలా నడుస్తోందన్నమాట. గడువు తేదీ తీసేస్తే మళ్లీ మామూలే, కానీ తీసేయలేదు. ఆ పని కోసం లాగిన్ లేని సర్వీస్ అకౌంట్ ఒకటి చేసి, వివరం గడిలో ఏ విభాగానిదో, ఏ పనికో రాశాను. మనిషి పేరు రాయలేదు, మనుషులు మారిపోతుంటారు.

నేరుగా డిలీట్ చేయకుండా ఇంత చుట్టు తిరగడం ఎందుకంటే, లైను పోయినా నంబర్ పోదు. 1007 పేరు మీదున్న ఫైళ్లు డిస్క్ మీద అలాగే ఉంటాయి, యజమాని పేరుకి బదులు 1007 అని కనిపిస్తుంది. కొత్త యూజర్‌ని చేర్చే కమాండ్ మామూలుగా ఉన్నవాటిలో పెద్ద నంబర్‌కి ఒకటి కలిపి ఇస్తుంది. పోయింది చివరి నంబరే అయితే, వచ్చే సోమవారం చేరిన కుర్రాడికి అదే 1007 వస్తుంది. పాత ఉద్యోగి ఫైళ్లన్నీ సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ అయిపోయినట్టు అతని పేరు మీదకి వస్తాయి. అందుకే మా దగ్గర మనుషుల లైన్లు తీసేయడం ఉండదు, నిద్రపుచ్చడమే. ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే, యజమాని లేని ఫైళ్లని వెతికే ఆప్షన్ ఫైండ్ కమాండ్‌లో ఉంది, ముందు దానితో డిస్కంతా గాలించాలి. ఎన్ఎఫ్ఎస్ లాంటి, చాలా మెషీన్లు నెట్‌వర్క్ మీద పంచుకునే డిస్క్‌లుంటే తలనొప్పి రెట్టింపు. సాధారణంగా అక్కడ నెట్‌వర్క్ మీద వెళ్లేదీ నంబరే, ఒక మెషీన్‌లో 1007 ఒకరైతే పక్క మెషీన్‌లో ఇంకొకరు.

ఇన్ని మెషీన్లలో ఇన్ని ఫైళ్లెందుకు, అన్నీ ఒకచోట పెట్టుకోవచ్చుగా అంటే, పెట్టుకోవచ్చు, ఎల్‌డ్యాప్, కెర్బరోస్, యాక్టివ్ డైరెక్టరీ ఉన్నవి అందుకే. సన్ కంపెనీ వాళ్ల ఎన్ఐఎస్ ఆ కోవలో పెద్దన్న. దాంట్లో నెట్‌వర్క్ మీదున్న ఎవరైనా ఒక్క కమాండ్‌తో అందరి హ్యాష్‌లూ తెప్పించుకోగలిగేవారు, షాడో ఫైలుతో మూసిన తలుపుని వెనకనుంచి తెరిచినట్టు. ఇప్పటివి అలా కాదులెండి. నేను చెప్పేవి రెండే. అలాంటిచోట పాస్‌వర్డ్ ఫైలు ఒక్కటే చదివితే సగం మంది కనిపించరు, గెట్-ఎంట్ కమాండ్‌తో అడగాలి, కొన్నిచోట్ల అదీ జాబితా మొత్తం ఇవ్వదు, పేరు చెప్పి అడిగితేనే చెబుతుంది. రెండోది, ఆ సెంట్రల్ సర్వర్ పడిపోయిన రోజు లోపలికి వెళ్లడానికి ప్రతి మెషీన్‌లోనూ ఒక లోకల్ అకౌంట్ ఉండాలి. దాని పాస్‌వర్డ్ అన్ని మెషీన్లలో ఒకటే కాకూడదు. ఒకటే ఉంటుంది చాలాచోట్ల.

పాస్‌వర్డ్ గడువుల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఏటా దీని మీదే గొడవ. తొంభై రోజులకోసారి మార్చాలని ఫారంలో ఉంటుంది. మనుషులేం చేస్తారో అందరికీ తెలుసు, చివరనున్న అంకె ఒకటి పెంచుతారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, ఊరికే కాలం గడిచిందని పాస్‌వర్డ్ మార్చమనొద్దు, బయటపడిందని ఆధారం ఉంటే మార్పించండి, కొత్తది పెట్టేటప్పుడు లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో సరిచూడండి అని చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసి ఆడిటర్ ముందు పెట్టాను. చదివి, బాగుంది, కానీ మా చెక్‌లిస్ట్‌లో తొంభై అని ఉందండీ అన్నారు. తొంభై పెట్టాం.

మార్పులు తప్పనిసరి చేస్తే పాతవి మళ్లీ వాడకూడదనే రూలూ వస్తుంది. దానికోసం పాత హ్యాష్‌లన్నీ ఈటీసీ కింద సెక్యూరిటీ డైరెక్టరీలో ఓపాస్‌వర్డ్ అనే ఫైల్లో పోగవుతాయి. ఒక మనిషివి ఐదు పాత పాస్‌వర్డ్‌లు విప్పగలిగితే ఆరోది ఊహించడానికి హ్యాష్ కూడా అక్కర్లేదు. అయినా ఆ ఫైలు ఉందన్న సంగతే చాలామందికి గుర్తుండదు. ఇందాక మమ్మల్ని కాపాడిన డ్యాష్ ఫైలు లాంటిదే షాడోకీ ఒకటుంటుంది, అందులోనూ హ్యాష్‌లే.

ఇవన్నీ సర్వర్ మీద ఉన్నంతసేపూ పర్మిషన్లు కాపలా కాస్తాయి. రాత్రి బ్యాకప్ నడిచినప్పుడు ఈటీసీ మొత్తం మూటకట్టి వేరే మెషీన్‌కి వెళ్తుంది. అక్కడ ఆ మూట ఒక మామూలు ఫైలు. దాన్ని ఎవరు చదవగలరో నిర్ణయించేది ఆ మెషీన్‌లోని పర్మిషన్లు, ఆ మెషీన్‌లోని పాస్‌వర్డ్ ఫైలు. ఈ మధ్య మా బ్యాకప్ సర్వర్‌లో ఆ ఫైలు తెరిచి చదివాను. అందులో ముగ్గురి పేర్లు నాకు తెలియవు. మెయిల్ పెట్టాను, జవాబు కోసం చూస్తున్నాను.